మా కారుకు దూపయ్యేది

మా మామయ్య అంబాసిడర్ కారుకు ఆ ఇంట్లో నాకంటే సీనియారిటీ ఎక్కువ. నేను కోడలిగా అశ్వారావుపేట వచ్చేసరికే దాని మీగడ రంగు వెలిసిపోయి మజ్జిగ రంగులోకి దిగింది. అయినా వాకిట్లో దాని చోటు దానిదే. పెళ్లయిన కొత్తలో తెలియక ఆ చోట బట్టలు ఆరేస్తే, మా అత్తయ్య నన్ను పక్కకు పిలిచి, "అక్కడ మాత్రం వద్దే, ఆయన కారు నిలబెడతారు" అని మెల్లగా చెప్పింది. ఈ ఇంటికి పెద్దకోడలిని నేను కాదని ఆ రోజే అర్థమైంది.

అది పెట్రోలు కారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు తాగేది. మామయ్య దాన్ని ఒక్క మాట అననిచ్చేవారు కాదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కుని పామాయిల్ తోట వేసిన మనిషి. గెలలు మిల్లుకు తోలడానికి ట్రాక్టరు, తోటలోకి పోవడానికి మోటారు సైకిలు, మర్యాదకు అంబాసిడర్. ఆయన లెక్క అలా ఉండేది.

ఆ కారు నా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. పెళ్లయ్యాక నాకు ఫిజికల్ సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. పోస్టింగు ములకలపల్లి వైపు అడవిలో ఒక ఊళ్లో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పొద్దున బస్సు బడికి చేరేసరికి మొదటి పీరియడు అయిపోయేది. మా ఆయన బొగ్గుగనుల దగ్గర ఉద్యోగం, ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. ఇక చేసేదేముంది, పసిపిల్లను అత్తయ్యకు అప్పగించి ఆ ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సుకు పోయేదాన్ని.

ఒక శనివారం నేను గేటు తీసుకుని లోపలికి వస్తుంటే మా పాప అరుగు మీద ఆడుకుంటోంది. నన్ను చూసి లోపలికి పరుగెత్తి, "నానమ్మా, టీచరమ్మ వచ్చింది" అంది. వచ్చీరాని మాటలే, ముద్దుగానే అంది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చాను. మామయ్య నవ్వలేదని నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన కారు తాళం నా చేతిలో పెట్టారు. "నేర్చుకో అమ్మాయ్. నేను నేర్పుతా" అన్నారు. పామాయిల్ చెట్ల వరుసల మధ్య ఆ పడవంత బండిని ముందుకీ వెనక్కీ నడపడం నేర్చుకున్నాను. ఊళ్లో వాళ్లు గట్ల మీద నిలబడి చూశారు. ఆడమనిషి అంబాసిడర్ తోలడం ఆ రోజుల్లో మా దగ్గర సర్కస్ కంటే తక్కువేం కాదు. లైసెన్సు వచ్చాక గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. పొద్దున పాపకు నేనే జడ వేసి బడికి పోయేదాన్ని, సాయంత్రానికి ఇంట్లో ఉండేదాన్ని. ఆ కారు నాకు ఇచ్చిందేమిటో ఇంతకంటే చెప్పడం చేతకాదు.

ఇక దాని జబ్బు సంగతి. పెట్రోలు ఇంజన్ తిరగాలంటే లోపల నిప్పురవ్వ పుట్టాలి. పాతకాలం కార్లలో ఆ రవ్వకు సమయం చెప్పే పని రెండు చిన్న లోహపు బిళ్లలది. వాటినే పాయింట్లంటారు. అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి, కొన్నాళ్లకు అరుగుతాయి, నల్లబడతాయి. మామయ్య ఆదివారం పూట కూర్చుని వాటిని గరుకు కాగితంతో రుద్దేవారు. "దేవుడి సామాన్లు ఇంత శ్రద్ధగా ఎప్పుడన్నా తోమారా?" అని అత్తయ్య దెప్పేది. వానాకాలంలో పాయింట్లకు చెమ్మ పట్టి కారు పొద్దున్నే మొరాయించేది. విసుగెత్తి, కార్తీక మాసంలో ఖమ్మం తీసుకుపోయి ఎలక్ట్రానిక్ సెట్టు వేయించారు. పాయింట్ల పని ఇక ఒక చిన్న అల్యూమినియం బాక్సు చేస్తుంది. అరిగేదీ లేదు, రుద్దేదీ లేదు.

చలికాలమంతా కారు మహారాణిలా నడిచింది. తాళం తిప్పితే చాలు. మామయ్య దారిన పోయేవాళ్లను పిలిచి స్టార్ట్ చేసి చూపించేవారు.

మార్చి వచ్చింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పోయి, సరిగ్గా నడినెత్తిన ఎండలో తిరిగి రావడమన్నమాట. మోదుగులు పూశాయి, ఇప్పపూల వాసన కారులోకి కొట్టేది. పోయేటప్పుడు ఏ చింతా లేదు. తిరిగొచ్చేటప్పుడు అడవి మధ్యలో ఒక చిన్న ఎత్తు ఉంది. ఒక మధ్యాహ్నం ఆ ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ కారు టక్కున ఆగిపోయింది. ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు.

ఎత్తు పక్కనే ఒక చిన్న గూడెం. ఆగిన కారును చూసి జనం వచ్చారు. వాళ్లలో ఒక ముసలవ్వ బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "దూపైంది బిడ్డా కారుకు. నీళ్లు దెస్తం ఆగు" అంది. దూప అంటే దాహం. బోరింగు కొట్టి బిందెలతో నీళ్లు తెచ్చారు. ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మీద పోశారు, తడిగుడ్డ చుట్టారు. కాసేపు మంచీ చెడ్డా మాట్లాడుకున్నాక తాళం తిప్పితే కారు బుద్ధిగా స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మా ఊరి కారు మేస్త్రీ కూడా అదే చెప్పాడు. "గిది పెట్రోల్ మరుగుడే మేడం. గింత ఎండకు పంపుల పెట్రోలు గ్యాసైతది. తడిగుడ్డ కట్టుండ్రి, అంతే." ఆయన చెప్పింది అబద్ధం కాదు. భద్రాచలం వైపు ఎండలకు పాత కార్లలో అది జరిగేదే. వేసవి వస్తే ప్రతి అంబాసిడర్ డ్రైవరూ పంపుకు తడిగుడ్డ కట్టుకుని తిరిగేవాడు. నేనూ కట్టాను. అయినా రెండు రోజులకోసారి అదే ఎత్తు మీద, అదే వేళకు ఆగిపోయేది. గూడెం వాళ్లకు అలవాటైపోయింది. మా కారు చప్పుడు వినగానే బిందెలు పట్టుకునేవారు. మా బడి పిల్లలు దానికి నీళ్ల కారు అని పేరు పెట్టారు.

మేస్త్రీ పంపు మార్చాడు. ఆగింది. ట్యాంకు కడిగాడు. ఆగింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ప్రతిసారీ పెట్రోలు మీదే పడేవాడు. నాకు మాత్రం మొదటినుంచీ ఒక అనుమానం. పెట్రోలు అందని ఇంజన్ ఒక్కసారిగా చావదు. దగ్గుతుంది, కుదుపులిస్తుంది, లాగుతుంది, వదిలేస్తుంది. మాది అలా కాదు. ఎవరో స్విచ్చి తీసినట్టు ఆగేది. ఆ మాటే మేస్త్రీతో అన్నాను.

"గట్లెందుకైతది మేడం?" అన్నాడు. "నీళ్లు పోస్తే స్టార్టయితుంది గదా!"

నీళ్లు పోస్తే స్టార్టవుతోంది, నిజమే. ఖమ్మం షాపుకు ఫోను చేసి బాక్సు సంగతి అడిగాను. "బాక్సు పోతే ఒక్కసారే పోతది మేడం. పోయి మళ్లీ రాదు" అన్నాడు అవతలి మనిషి. మాది పోతోంది, వస్తోంది. కాబట్టి బాక్సు కాదట. ఇంట్లో, బళ్లో, గూడెంలో, ఫోనులో, అందరిదీ ఒకటే మాట. నాకు ఒళ్లు మండేది. పదిమంది ఒకే మాట అంటుంటే నాకు ఎందుకో ఆ మాట మీద నమ్మకం పోతుంది. అది నా పుట్టుబుద్ధి.

ఒకరోజు కారు గూడెం దాటాక ఆగింది. అటు ఊరు లేదు, ఇటు ఊరు లేదు. నాతో రోజూ వచ్చే మా బడి తెలుగు మేడం, నేను, టేకు చెట్ల కింద నిలబడ్డాం. పోసుకోవడానికి చుక్క నీళ్లు లేవు. ఎవరూ ఏమీ పోయకపోయినా ఆ కారు కాసేపటికి దానంతట అదే స్టార్టయింది. అది అప్పుడే నా బుర్రలోకి ఎక్కాల్సింది. కానీ స్టార్టయిందన్న సంతోషంలో పట్టించుకోలేదు. మళ్లీ ఇంకాస్త దూరంలో ఆగింది, మళ్లీ నిలబడ్డాం. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మామయ్య గేటు దగ్గరే ఉన్నారు. ఎంతసేపటినుంచి నిలబడ్డారో, ముఖం మాడిపోయి ఉంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన కారు వైపు చూడకుండా అన్నారు. "అడవిలో ఆడపిల్లను నిలబెట్టే బండి నాకొద్దు. ఖమ్మంలో పాత కార్లు కొనేవాడికి కబురు చేశా. ఆదివారం వస్తానన్నాడు."

"మరి నా బడి?" అన్నాను.

"గది ఉంది కదమ్మా, మళ్లీ తీసుకో. లేదంటే సెలవు పెట్టు" అంది అత్తయ్య. ఆవిడ చెడ్డగా అనలేదు. పాప ఆవిడ ఒళ్లోనే నిద్రపోతోంది. మామయ్య సగం అన్నం వదిలేసి లేచిపోయారు. ఆయన ప్రాణం ఆ కారు అని అందరికీ తెలుసు. నా కోసమే దాన్ని అమ్మేస్తున్నారనీ తెలుసు. అందుకే ఎవరినీ ఏమీ అనలేక గదిలోకి పోయి తలుపు ధడాలున వేశాను. మా ఇంట్లో కోడళ్లు తలుపులు గట్టిగా వేసే ఆచారం అంతకుముందు లేదు.

పడుకున్నానే గానీ మనసంతా ఆ అడవిలోనే ఉంది. అప్పుడు తట్టింది. ఇవాళ నీళ్లు పోయకుండానే స్టార్టయింది కదా! నీళ్లు పోసిన రోజు మాత్రం ఏం జరుగుతోంది? బోరింగు దాకా పోవాలి, కొట్టాలి, తేవాలి, పోయాలి, గుడ్డ చుట్టాలి, ముచ్చట్లు పెట్టాలి. ఈలోపు పంపు ఒక్కటే కాదు, బానెట్ కింద ఉన్న ప్రతి వస్తువూ చల్లబడుతుంది. మంత్రాలకు చింతకాయలు రాలవు. కానీ గాలి వీచే వేళ చూసి మంత్రం చదివితే రాలినట్టే ఉంటుంది. చల్లబడి బాగయ్యేది పంపు కాదేమో. పిల్లలకు ప్రయోగం చేసేటప్పుడు ఒకసారి ఒకటే మార్చాలని నేనే చెబుతాను. నా కారు దగ్గరికి వచ్చేసరికి ఊరంతా కలిసి అన్నీ ఒకేసారి మారుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున డిక్కీలో ఒక పాత ప్లగ్గు, రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు, పానాలు వేసుకుని బయల్దేరాను. అంతకుముందు ప్రతిరోజూ ఈ కారు ఆగకూడదు స్వామీ అని దండం పెట్టుకునేదాన్ని. ఆ రోజు ఆగాలి స్వామీ అని పెట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు తెలుగు మేడంకు చెప్పాను. "ఇవాళ కారు ఆగగానే మీరు నా సీట్లో కూర్చోవాలి. నేను తిప్పమన్నప్పుడు తాళం తిప్పాలి." ఆవిడ వరంగల్ వైపు మనిషి, ఒట్టి పిరికిది. "నాకు భయమైతంది మేడం. మీకు షాక్ కొడితే నేనేం జెయ్యాలె?" అంది. కొడితే కొట్టనివ్వండి అన్నాను.

ఎత్తు ఎక్కుతుండగా స్విచ్చి తీసినట్టు ఆగింది. నేను తలుపు తీసి దూకాను. గూడెం నుంచి బిందెలతో జనం అప్పుడే బయల్దేరారు.

"ఎవ్వరూ నీళ్లు పొయ్యొద్దు!" అని అరిచాను.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ముసలవ్వ నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏంది బిడ్డా, దూపైతే నీళ్లియ్యద్దంటవ్?" అంది. ఆవిడ కంఠంలో నిజంగానే కోపం ఉంది. కారు కాదు, పశువు అనుకున్నట్టుంది.

ముందు ఒక ప్లగ్గు వైరు పీకి, నా పాత ప్లగ్గుకు తగిలించి ఇంజన్ ఇనుము మీద ఆనించాను. తాళం తిప్పితే ప్లగ్గు కొస దగ్గర రవ్వ రావాలి. కానీ ఆ ఎండలో రవ్వ వచ్చినా కనపడదు. తెలుగు మేడం దగ్గరున్న నల్ల గొడుగు తీసుకుని అవ్వ చేతికిచ్చి, దాన్ని ఇంజన్ మీదికి వంచమన్నాను. గొడుగు నీడలో తల దూర్చి, "తిప్పండి!" అన్నాను. ఇంజన్ గిరగిరా తిరిగింది. రవ్వ లేదు. మళ్లీ తిప్పించాను. లేదు. "రాలేదు! రాలేదు!" అని సంబరంగా అరిచాను. గూడెం వాళ్లు నా వంక జాలిగా చూశారు.

పెట్రోలు సంగతీ తేల్చాలి కదా. పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ మూతి తెరిచి, లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ కడ్డీ లాగాను. పెట్రోలు సన్నటి ధారగా చిమ్మింది. మరగలేదు, ఎండలేదు, ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ అనవసరంగా మాటలు పడ్డది పాపం ఆ పంపు. మూతి మళ్లీ మూసేసి బల్బు తీశాను. రవ్వను పుట్టించే కాయిలుకు కరెంటు వస్తోందా లేదా అని ఒకవైపు పెట్టి చూశాను, వెలిగింది. రెండోవైపు పెట్టి ఇంజన్ తిప్పిస్తే బల్బు మిణుకుమిణుకుమనాలి. బాక్సు పని చేస్తున్నదనడానికి అదే గుర్తు. మిణకలేదు. రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నట్టు అలాగే వెలుగుతోంది. బాక్సు నిద్రపోతోంది.

బాక్సు మీద చెయ్యి వేసి, అమ్మో అని తీసేశాను. అట్లకాడ తగిలినంత చురుక్కుమంది. దాని మీద దుమ్ము అట్టలు కట్టి ఉంది. ఆ దుమ్ము తుడిస్తే కింద అల్యూమినియం కనపడలేదు. ఏదో తెల్లటి కవరు. బాక్సు మొత్తానికి మడతలు మడతలుగా చుట్టి, బైండింగ్ తీగతో కట్టి ఉంది. తీగ విప్పి చూద్దును కదా, యూరియా బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ కవరు! బాక్సు కింద, మడ్‌గార్డుకూ దానికీ మధ్య, సైకిలు ట్యూబు ముక్క పరుపులా వేసి ఉంది.

ఎవరి పనో అడగక్కర్లేదు. మా ఇంట్లో టీవీ రిమోటు కవరులోంచి బయటికి రాలేదు. గోడ గడియారం కవరులోంచే టైము చెబుతుంది. ట్రాక్టరు సీటు కొన్న ఏడాది దాకా కవరు చిరగకుండా కూర్చున్న మనిషి మా మామయ్య. కొత్త సామాను కదా, దుమ్ము పడకూడదు, తడవకూడదు, అడవి రోడ్డు కుదుపులకు అదరకూడదు. ఆ బాక్సు తన వేడిని కింది ఇనుముకూ పై గాలికీ వదిలేస్తేనే బతుకుతుంది. ఈయన కింద రబ్బరు పరుపు వేసి, పైన ప్లాస్టిక్ దుప్పటి కప్పి, నడివేసవిలో పడుకోబెట్టారు. చలికాలం ఎలాగో ఓర్చుకుంది. ఎండలు రాగానే సొమ్మసిల్లింది.

"ఇప్పుడు తే అవ్వా నీళ్లు" అన్నాను.

పంపు మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. చేతిరుమాలు తడిపి, పిండి, బాక్సు మీద వేశాను. సుయ్‌మంది. మళ్లీ తడిపి మళ్లీ వేశాను. పంపు మీద చెయ్యి పెట్టి చూస్తే అది ఇంకా కాలుతూనే ఉంది. "తిప్పండి!" అన్నాను. గొడుగు కింద ప్లగ్గు కొసన నీలంగా, బియ్యపు గింజంత రవ్వ టిక్ టిక్ టిక్ మంటూ దూకింది. అంత అందమైన వస్తువును నేను అంతవరకూ చూడలేదు. "వచ్చింది!" అని నేను, "వచ్చిందంట, వచ్చిందంట!" అని తెలుగు మేడం. వైరు తగిలించి తిప్పితే ఇంజన్ ఒక్క పెట్టున లేచింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అవ్వ మాత్రం గొడుగు మూస్తూ, "నేను జెప్పలే? దూపే. మీరు నోరెక్కడుందో జూడలే, గంతే" అంది. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు.

ఇంటిదాకా దారి పొడుగునా మామయ్యను ఎలా కడిగెయ్యాలో సాధన చేశాను. పంపు మార్పించారు, ట్యాంకు కడిగించారు, నన్ను మళ్లీ గదిలోకి పంపబోయారు, అంతా ఒక యూరియా కవరు కోసం! మాటలు ఒకదానికంటే ఒకటి బాగా కుదిరాయి. కవరు పక్క సీట్లో పెట్టుకుని గేటులోకి తిప్పాను.

మామయ్య అప్పటికే బకెట్టు నీళ్లతో నిలబడి ఉన్నారు. భుజాన తడిగుడ్డ. కారు ఆగగానే బానెట్ ఎత్తి పంపుకు చుట్టడానికి. ఆ ఎండలో చెప్పులు కూడా వేసుకోలేదు. నేను సాధన చేసిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

కవరు ఆయన చేతికిచ్చాను. "మామయ్యా, ఇది కట్టింది మీరేనా?"

"నేనే. వానకు తడవకుండా" అన్నారు.

"వానకు తడవలేదు. ఊపిరి కూడా ఆడలేదు" అన్నాను. అడవిలో చేసిందంతా వరుసగా చెప్పాను. ఆయన కవరును విప్పి, దులిపి, నాలుగు మడతలు వేశారు. ఏం మాట్లాడతారో అని అత్తయ్య గుమ్మంలోంచి చూస్తోంది. తప్పయిందని ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ రోజూ వినలేదు.

"నువ్వు చెప్పేది నిజమైతే, రేపు నేనూ వస్తా" అన్నారు చివరికి. "నీళ్లు వద్దు. గుడ్డ వద్దు. ఆగకుండా వస్తే అప్పుడు చూద్దాం. ఆగిందంటే మాత్రం ఆదివారం బేరం బేరమే."

నేను సరే అన్నాను. నోటితో అన్నానే గానీ, ఇన్నాళ్లు మగ్గిన బాక్సు లోపల ఎంత కమిలిపోయి ఉందో నాకేం తెలుసు?

ఆ సాయంత్రమే మేస్త్రీ దగ్గర కూర్చుని బాక్సును విప్పించాను. గాలి తగిలేలా ముందుకు, రేడియేటరు పక్కకు జరిపించాను. అక్కడి ఇనుము మీద రంగు గీకించి, అత్తయ్య ఇచ్చిన మందపాటి అల్యూమినియం మూతను పలకలా కోయించి, దాని మీద బాక్సును గట్టిగా బిగించమన్నాను. "కింద రబ్బరెయ్యకపోతే అదురుతది మేడం" అన్నాడు మేస్త్రీ. "అదరనివ్వండి" అన్నాను. "మీ ఇష్టం. రేపు ఆగితే నన్ననొద్దు" అన్నాడు. ఆయన బిగించిన బోల్టులను నేను మళ్లీ నా చేత్తో బిగించాను.

శనివారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కారు. నేను క్లాసులు చెప్పినంతసేపూ బడి వరండాలో కూర్చున్నారు. కారును కావాలనే చెట్టు నీడలో పెట్టలేదు, నట్టనడి ఎండలో పెట్టాను. బడి వదిలాక తలుపు పట్టుకుంటే చెయ్యి కాలింది. తెలుగు మేడం వెనక సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది. దేవుణ్ణి తలుచుకుంటోందో, నిద్రపోతోందో అడగలేదు.

ఎత్తు వచ్చింది. మామయ్య ముందున్న డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, ఎద్దును అదిలించినట్టు మెల్లగా నెడుతున్నారు. ఇంజన్ గుర్రుమంటోంది. ఎప్పుడూ ఆగే మలుపు, ఎప్పుడూ ఆగే రాయి. రాయి వెనక్కి పోయింది. మలుపు వెనక్కి పోయింది. ఇంజన్ గొంతు మారలేదు.

గూడెం వాళ్లు అప్పటికే బిందెలతో రోడ్డు పక్కకు వచ్చేశారు. కారు వాళ్ల ముందు నుంచి ఆగకుండా పోతుంటే నోరు తెరిచి చూశారు. ముసలవ్వ చెయ్యి ఊపుతూ, "ఓ బిడ్డా! దూప గాలేదా?" అని కేకేసింది.

మామయ్య కిటికీలోంచి సగం బయటికి వంగి, "తీరిందమ్మా! తీరింది!" అని అరిచారు. రెండు చేతులూ ఎత్తి, ఎన్నికలు గెలిచినవాడిలా దండం పెడుతూనే ఉన్నారు. నేను హారను కొట్టాను. చెయ్యి తీయకుండా కొట్టాను. ఆ హారను మోత ఆగేసరికి గూడెం కనుమరుగైంది. తెలుగు మేడం కళ్లు తెరిచి, "దాటినమా?" అంది.

అశ్వారావుపేట వచ్చింది. తెలుగు మేడంను దింపేశాం. మా ఇల్లు వచ్చింది. నేను వేగం తగ్గిస్తుంటే మామయ్య, "ఆపకు. పోనీ" అన్నారు. సత్తుపల్లి రోడ్డు పట్టాం. ఆ మండుటెండలో, తడిగుడ్డ లేకుండా, తోటల పక్కనుంచి చాలాదూరం పోయి వచ్చాం. ఆయన మధ్యమధ్యలో తల తిప్పి నా వంక చూస్తున్నారు. నేను చూడనట్టు నడిపాను. నాకు ఆ రోజు ఎంత గర్వంగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు లేదు.

ఆదివారం పాత కార్ల బేరగాడు వచ్చాడు. పైకం వెంట తెచ్చుకుని, కారు తీసుకుపోవడానికి డ్రైవరుతో సహా వచ్చాడు. కారు చుట్టూ తిరిగి టైర్లను తన్ని చూశాడు, బానెట్ ఎత్తి దించాడు. అరుగు మీద మామయ్య పేపరు చదువుకుంటున్నారు. నేను లోపల పాపకు తలంటుతున్నాను.

"ఇగ మాట్లాడుకుందామా సార్?" అన్నాడు బేరగాడు.

మామయ్య పేపరులోంచి తల ఎత్తలేదు. "నన్నడుగుతావేంటయ్యా? అది మా కోడలి కారు. ఆమెనడుగు" అన్నారు.

ఆ మాట లోపలికి వినపడింది. అత్తయ్య చేతిలో పని ఆపి నా వంక చూసింది. కుంకుడు నురగ చేతులతోనే, పాపను టవల్లో చుట్టి చంకనేసుకుని, వాకిట్లోకి వచ్చాను. బేరగాడు నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూసి, "అమ్ముతరా మేడం?" అన్నాడు.

"అమ్మను" అన్నాను. "రేపు పొద్దున్నే బడికి పోవాలి."